చింపాంజీ మనకు తాత కాదు, దాయాది

సైనిక్‌పురి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆరో తరగతి చదివే కొడుకును జూపార్కుకు తీసుకెళ్తే, వాడు చింపాంజీ ముందు నిలబడి "అమ్మా, ఇది ఎన్నేళ్లకు మనిషవుతుంది?" అన్నాడట. ఆవిడ ఏదో చెప్పి తప్పించుకున్నారు. ఇంటికొచ్చాక నాయనమ్మ దశావతారాలు చెప్పారు. నాన్నేమో "కోతి నుంచి మనిషి వచ్చాడు, అంతే" అన్నారు. పిల్లాడు వదలకుండా "మరి మిగతా కోతులు ఎందుకు మారలేదు? మనం ఇంకా మారుతున్నామా?" అని పట్టుకున్నాడు. వాడికి ఏం చెప్పాలి?

అమ్మా, ముప్పై ఏళ్లు ఇంటర్ బైపీసీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న అడగని బ్యాచ్ ఒక్కటీ లేదు. జవాబు ముందే చెప్పేస్తాను: ఎన్నేళ్లయినా ఆ చింపాంజీ మనిషి కాదు. మనం చింపాంజీ నుంచి రాలేదు. చింపాంజీలూ మనమూ ఒకే పాత జీవి నుంచి వచ్చాం. ఆ జీవి సుమారు 60-70 లక్షల ఏళ్ల క్రితం ఆఫ్రికాలో ఉండేది. దాన్ని మనిషి అనలేం, ఇవాళ మనం చూసే చింపాంజీ అనీ అనలేం. దాని సంతానంలో ఒక పాయ ఇటు వచ్చింది, ఇంకో పాయ అటు వెళ్లింది. దీనికి మన ఇళ్లలోనే చక్కటి మాట ఉంది, దాయాదులు. ముత్తాత ఒక్కడే, పంపకాలయ్యాక ఎవరి ఊళ్లో వాళ్లు స్థిరపడ్డారు. "మా పెదతాత మునిమనవడు ఎన్నేళ్లకు నేనవుతాడు?" అని ఎవరూ అడగరు కదా. చింపాంజీ కూడా ఈ 70 లక్షల ఏళ్లూ మారుతూనే వచ్చింది, కాకపోతే తన అడవికి తగినట్టు.

మీ వాడి తప్పేమీ లేదు. తప్పంతా ఆ బొమ్మది. ఎడమ చివర వంగి నడిచే కోతి, కుడి చివర నిటారుగా మనిషి, మధ్యలో ముగ్గురో నలుగురో బస్సు క్యూలో నిలబడ్డట్టు ఉంటారు చూడండి, అది. కోఠిలో కొన్న అలాంటి చార్టు మా ల్యాబ్‌లో చాలా ఏళ్లు వేలాడింది. తగిలించింది నేనే. అది చూసిన ఏ పిల్లాడికైనా వెనకవాడు ముందుకు జరిగి మనిషి కావాలనే అనిపిస్తుంది. చివరికి ఓ రోజు దాన్ని తిప్పి, వెనక వైపు స్కెచ్ పెన్నుతో గుబురుగా కొమ్మలేసిన చెట్టు గీసి మళ్లీ తగిలించాను. బొమ్మ బాగా రాలేదు, కానీ ఆ తర్వాత ప్రశ్నలు మారాయి.

ఇక్కడ మన భాష కూడా కొంచెం ఇబ్బంది పెడుతుంది. తోక ఉన్నా లేకపోయినా అన్నిటినీ "కోతి" అనే అంటాం. మీ డాబా మీదికి దూకి అప్పడాలు ఎత్తుకుపోయే తోక కోతుల పాయ మన పాయ నుంచి విడిపోయి సుమారు రెండున్నర కోట్ల ఏళ్లు. చింపాంజీ విడిపోయింది 70 లక్షల లోపే. అంటే చింపాంజీకి ఆ డాబా మీది కోతి కన్నా మీ అబ్బాయే దగ్గరి చుట్టం. ఈ ముక్క చెప్పినప్పుడు క్లాసులో నవ్వు ఆగేది కాదు, పక్కవాడి వైపు వేళ్లు చూపించుకునేవాళ్లు. కానీ అక్షరాలా నిజం.

"ఎవరు చూశారు సార్?" అనేది తర్వాత వచ్చే ప్రశ్న. దీనికి నేను స్పాట్ వాల్యుయేషన్ సంగతి చెప్పేవాణ్ని. రెండు పేపర్లలో ఒకే ఒప్పు జవాబు ఉంటే ఇద్దరూ చదివారనుకుంటాం. ఇద్దరూ ఒకేచోట ఒకే పిచ్చి తప్పు రాస్తే? పెన్ను కింద పెట్టి హాల్‌టికెట్ నంబర్లు పక్కపక్కన ఉన్నాయేమో చూస్తాం. జీవుల్లోనూ అంతే, చుట్టరికం ఒప్పుల్లో కన్నా తప్పుల్లో బాగా బయటపడుతుంది.

మేకకు ఉసిరికాయ అక్కర్లేదు. ఆవుకూ కుక్కకూ కూడా అక్కర్లేదు. విటమిన్ సి వాటి కాలేయంలోనే తయారవుతుంది. మనకు అవదు, అందుకే ఉసిరో నిమ్మో జామో తినాలి. అలాగని దాన్ని తయారుచేసే జన్యువు మనలో లేదనుకోకండి. పాడైపోయి, పనిచేయని మిషన్ అటక మీద పడి ఉన్నట్టు మన డీఎన్‌ఏలో అలాగే ఉంది. చింపాంజీలోనూ పాడైంది, తోక కోతుల్లోనూ పాడైంది, అదీ చాలావరకు ఒకేచోట, ఒకే తీరులో. గినీ పిగ్‌లో కూడా ఈ జన్యువు పాడైంది గానీ దాని దెబ్బలు వేరు, అది విడిగా చెడింది. మనదీ కోతులదీ మాత్రం ఒకే పాత పూర్వికుడి దగ్గర చెడి, అందరికీ వారసత్వంగా వచ్చింది.

ఇంకోటి నాకు మరీ ఇష్టం. చింపాంజీకి, గొరిల్లాకు, ఒరాంగుటాన్‌కు 48 క్రోమోజోములు. మనకు 46. ఒక జత ఎక్కడికి పోయింది? పోలేదు. రెండు క్రోమోజోములు కొసలు కలిసి అతుక్కున్నాయి, అదే మన రెండో క్రోమోజోమ్. ప్రతి క్రోమోజోమ్‌కు రెండు కొసల్లో టీలోమియర్ అనే ప్రత్యేకమైన వరస ఉంటుంది. మన రెండో క్రోమోజోమ్‌కు అది కొసల్లోనే కాక నడిమధ్యలోనూ కనిపిస్తుంది. రెండు తాళ్లు కలిపి వేసిన ముడి అన్నమాట. అంతేకాదు, పనిచేయని రెండో సెంట్రోమియర్ (కణం చీలేటప్పుడు క్రోమోజోమ్‌ను పట్టి లాగే చోటు) ఆనవాలు కూడా ఆ క్రోమోజోమ్‌లోనే ఉంది. శిలాజం ఒక్కటి కూడా దొరక్కపోయినా ఈ చుట్టరికాన్ని చెప్పడానికి ఇవి చాలు.

సరే, విడిపోయాక మన పాయలో ఏం జరిగింది? లక్షల ఏళ్లంటే పిల్లలకు ఎక్కదు. అందుకని నేను కర్నూలు బస్సు ఎక్కిస్తాను. కర్నూలు నుంచి చార్మినార్ సుమారు 210 కిలోమీటర్లు. చింపాంజీల పాయతో విడిపోయిన చోటు కర్నూలు అనుకోండి, ఇవాళ్టి రోజు చార్మినార్. ఒక కిలోమీటర్‌కు సుమారు 33 వేల ఏళ్లు. బస్సు కర్నూలు వదిలి గంటన్నర దాటినా చెప్పుకోదగ్గ మనిషి కనిపించడు. 1974లో ఇథియోపియాలో దొరికిన లూసీ (32 లక్షల ఏళ్లనాటి అస్థిపంజరానికి పెట్టిన పేరు) మహబూబ్‌నగర్ దగ్గర ఎక్కుతుంది. మూడున్నర అడుగుల మనిషి, మెదడు మనదాంట్లో మూడో వంతు, కానీ మనలాగే రెండు కాళ్ల మీద నడిచింది. షాద్‌నగర్ రావడానికి కాస్త ముందు హోమో ఎరెక్టస్ అనే పాత మనిషి జాతివాడు ఎక్కుతాడు. పొడుగ్గా, దాదాపు మన ఒడ్డూ పొడుగూ. ఆఫ్రికా దాటి ఆసియాకు వచ్చింది కూడా వీళ్లే, 1891లో జావాలో దొరికిన ఎముకలు వీళ్లవే. మన జాతి హోమో సేపియన్స్? చార్మినార్ ఇంకా తొమ్మిది కిలోమీటర్లు ఉందనగా ఎక్కుతాం, ఆరాంఘర్ దరిదాపుల్లో. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ ఎముకలకు సుమారు మూడు లక్షల ఏళ్లని 2017లో తేలింది. శాలిబండకు వచ్చేసరికి నియాండర్తల్‌లు అనే ఇంకో రకం మనుషులు దిగిపోతారు, అంటే అంతరించిపోతారు. వ్యవసాయం మొదలయ్యేది చివరి మూడు నాలుగు వందల మీటర్లలో. ఇక 1591లో కట్టిన చార్మినార్ వయసు ఈ లెక్కలో 13 మీటర్లు, అంటే ఆ కట్టడం ఒక పక్క వెడల్పు కన్నా తక్కువ.

ఈ బస్సులోనూ ఒక మోసం ఉంది, ముందే చెప్తున్నాను. రోడ్డు ఒక్కటే కాబట్టి మళ్లీ ఆ క్యూ బొమ్మే మనసులో పడుతుంది. నిజానికి దారి పొడుగునా పక్క దారులు చీలాయి. ఒకే కాలంలో భూమ్మీద నాలుగైదు రకాల మనుషులు ఉన్న రోజులున్నాయి. లక్ష ఏళ్ల క్రితం మనం, ఐరోపాలో నియాండర్తల్‌లు, ఆసియాలో డెనిసోవన్‌లు, ఇండోనేషియా ఫ్లోరెస్ దీవిలో మూడున్నర అడుగుల పొట్టివాళ్లు. ఒక్క రకమే మిగలడం మన చరిత్రలో కొత్త సంగతి.

మనిషి ముందు నడిచాడు, మెదడు తర్వాత పెరిగింది. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు, తెలివి పెరిగి లేచి నిలబడ్డాడని. నేను క్లాసులో రెండు పుర్రెల ప్లాస్టర్ నమూనాలు తిప్పేవాణ్ని, ఒకటి చింపాంజీది, ఒకటి మనిషిది. వెల్లకిలా తిప్పి, వెన్నుపాము దిగే పెద్ద రంధ్రంలో వేలు పెట్టమనేవాణ్ని. చింపాంజీ పుర్రెకు ఆ రంధ్రం వెనక్కి ఉంటుంది, మనిషి పుర్రెకు సరిగ్గా అడుగున. వేలి మీద నిలబెడితే మన పుర్రె కాసేపు తూగుతుంది, చింపాంజీది ముందుకు బోర్లా పడుతుంది. పిల్లల చేతుల్లో పడీ పడీ దాని దవడ రెండుసార్లు విరిగింది, ఫెవికాల్‌తో అతికించాం. ఆ ఒక్క రంధ్రం చూసి ఆ జీవి తల ఎలా మోసిందో ఊహించవచ్చు. టాంజానియాలోని లేటోలిలో 1978లో అడుగుజాడలే దొరికాయి. అగ్నిపర్వతం బూడిద మీద వాన పడి, తడి సిమెంట్ మీద నడిచినట్టు నడిచి వెళ్లిన గుర్తులు. వాటికి 36 లక్షల ఏళ్ల పైనే. కాలి బొటనవేలు మనదానిలాగే మిగతా వేళ్ల వరసలో ఉంది. అప్పటికి మెదడు పెద్దగా పెరగనేలేదు. నిలబడినందుకు ఖరీదు కూడా కట్టాం: నడుంనొప్పి, కష్టమైన కాన్పు. మొదటిది నేను రోజూ కడుతున్నాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి. 1997లో నియాండర్తల్ ఎముక నుంచి మొదటిసారి కొంత డీఎన్‌ఏ తీశారు. అది తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ. మనలో దాని జాడ లేదు. అది పట్టుకుని పన్నెండేళ్ల పాటు "నియాండర్తల్‌లకూ మనకూ సంబంధం కలవలేదు, రాసుకోండి" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను. 2010లో జన్యు శాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం మొత్తం జన్యు పటం తయారుచేసి చూస్తే సంబంధం బాగానే కలిసింది. ఆఫ్రికా బయటి మూలాలున్న వాళ్లందరిలో, మీలో నాలో కూడా, నూటికి ఒకటి రెండు పాళ్లు వాళ్ల డీఎన్‌ఏ ఉంది. ఆ పనికే పాబోకు 2022లో నోబెల్ వచ్చింది. అప్పట్లో పరిశోధన చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేసి, "సార్, మీరు రాసుకోమన్నది కొట్టేయమంటారా?" అన్నాడు. కొట్టేయమన్నాను. పిల్లలకు ఇది కూడా చెప్పండి, సైన్స్‌లో కొట్టేయడం మామూలే. అలాగని అన్నీ కొట్టేయరు. ఎవరు ఎవరితో ఎప్పుడు కలిశారన్నది మారింది. చింపాంజీతో పూర్వికుడు ఒకడేనన్నది మాత్రం ప్రతి కొత్త పరీక్షతో ఇంకా గట్టిపడింది.

ఆఫ్రికా, మొరాకో అంటుంటే మనకేం సంబంధం అనిపిస్తుంది కదా. ఇందాకటి బస్సు బయల్దేరిన కర్నూలు వైపే ఒకసారి వెళ్దాం. ఇప్పటి నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. సుమారు 74 వేల ఏళ్ల క్రితం సుమత్రాలో టోబా అగ్నిపర్వతం బద్దలైంది. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణం చేసి ఆ బూడిద ఇక్కడ రాలింది. వానలకు చుట్టుపక్కల నుంచి కొట్టుకొచ్చి లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటి పేరుకుంది. గిన్నెలు తోమే పొడుల కోసం అక్కడివాళ్లు దాన్ని తవ్వి అమ్ముకునేవారు. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం తవ్వకాల్లో ఆ బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. రెండూ ఇంచుమించు ఒకే తీరువి. 2007లో ఆ సంగతి బయటికి వచ్చింది. నేను ఆ తర్వాత ఇద్దరు స్నేహితులతో కలిసి వెళ్లాను. వేళ్ల మధ్య నలిపితే ముగ్గుపిండి కన్నా మెత్తగా, తెల్లగా, జారిపోతూ ఉంది. అంత విపత్తులోనూ అక్కడ మనుషులు పూర్తిగా తుడిచిపెట్టుకు పోలేదన్నమాట. కానీ ఒక జాగ్రత్త: ఆ పనిముట్లు చేసింది మన జాతివాళ్లా, అంతకుముందు వచ్చిన పాత జాతా అన్నది తేలలేదు, ఎముక దొరికితే గానీ తేలదు. ఆఫ్రికా నుంచి మన అసలు వలస 50-70 వేల ఏళ్ల మధ్య జరిగిందని జన్యువులు చెప్తున్నాయి. కాబట్టి ఎవరైనా "జ్వాలాపురంలో మన తాతలు" అని ఢంకా కొడితే కాస్త ఆగమనండి.

ఆ వలస జాడలు వెతికిన వాళ్లలో మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లున్నారు. నేనుండేది తార్నాక కాబట్టి కొంచెం సొంత గొప్ప కూడా అనుకోండి. తంగరాజ్, లాల్జీ సింగ్ 2005లో అండమాన్ ఓంగీ తెగవాళ్ల డీఎన్‌ఏ చూసి, వాళ్ల తల్లి వైపు పాయలు చాలా పాతవనీ, ఆఫ్రికా నుంచి వచ్చిన తొలి వలసలతో ముడిపడినవనీ చెప్పారు. 2009లో హార్వర్డ్ వాళ్లతో కలిసి చేసిన పనిలో దేశంలోని ఎక్కువ సమూహాలు రెండు పాత మూలాల కలయిక అని తేలింది. ఏ కులంవాళ్లయినా, ఏ ప్రాంతంవాళ్లయినా పాళ్లలోనే తేడా. ఈ మాట చెప్పిన రోజు క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉండేది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

మనం ఇంకా మారుతున్నామా? మారుతున్నాం. డాక్టర్ రొనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది 1897 ఆగస్టు 20న. ఆ మలేరియాయే మన రక్తాన్ని మార్చింది. ఆదిలాబాద్ ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయేది) గురించి వినే ఉంటారు. ఆ జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ వస్తే జబ్బు. ఒక్కటే వస్తే మలేరియా ప్రాణాల మీదికి తెచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. అందుకే దోమలున్న చోట ఆ జన్యువు పోకుండా నిలిచింది. పాల సంగతీ అంతే. పెద్దయ్యాక పాలు అరగకపోవడమే క్షీరదాలకు మామూలు. అరిగించుకోగలిగే మార్పు పశువులు పెంచిన జనాల్లో కొన్ని వేల ఏళ్లలోనే పాకింది. అది మన దేశంలో వాయవ్యం వైపు ఎక్కువ, దక్షిణాన తక్కువ. పెరుగులో కొంత పని సూక్ష్మజీవులే చేసిపెడతాయి కాబట్టి పాలు పడనివాళ్లకు కూడా చాలామందికి పెరుగన్నం పడుతుంది.

మారడమంటే బాగుపడటమే అనుకోవద్దు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు రాలిపోయిన రకం మన ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉందని, 2009లో తంగరాజ్ బృందమే చెప్పింది. అది గుండె జబ్బు ముప్పు పెంచుతుంది. అంత చెడ్డదాన్ని ప్రకృతి వరణం ఎందుకు ఏరెయ్యలేదు? ఎక్కువగా నడివయసు దాటాక ఇబ్బంది పెడుతుంది, అప్పటికి పిల్లలు పుట్టేస్తారు, జన్యువు దాటిపోతుంది. ప్రకృతికి మన పెన్షన్ వయసుతో పని లేదు.

మీ అత్తగారి విషయం. చేప, తాబేలు, వరాహం, నరసింహుడు, వామనుడు, ఆ వరస చూస్తే పరిణామంలాగే ఉందని చాలామంది అంటారు, నా సహోద్యోగులు కూడా అనేవారు. ఆవిడతో గొడవ పెట్టుకోకండి, కథ కథగా చెప్పనివ్వండి. దాన్ని రుజువుగా మాత్రం పిల్లాడికి చెప్పకండి. నా అభ్యంతరం భక్తి మీద కాదు, ఆ వరస మీద. అది మళ్లీ క్యూ బొమ్మే, ఒకదాని తర్వాత ఒకటి. మీ ఆయన చెప్పిందీ అదే క్యూ. ఇద్దరూ ఒకే తప్పు రాశారు, హాల్‌టికెట్లు చూసుకోండి.

స్కూల్లో ఇంకా బాగా చెప్తారులే అని మాత్రం వదిలేయకండి. నేను చివరి రోజుల్లో పనిచేసిన ఒక కాలేజీలో "దీన్లోంచి బిట్లు తక్కువ సార్" అని ఈ పాఠం మొత్తానికి రెండు పీరియడ్లు ఇచ్చారు. ఒకటి స్లిప్ టెస్టుకే పోయింది.

ఈసారి జూకి వెళ్లినప్పుడు మీ వాణ్ని ముఖం కాకుండా కాళ్లు చూడమనండి. చింపాంజీ కాలి బొటనవేలు మన చేతి బొటనవేలిలా పక్కకి తిరిగి ఉంటుంది, కొమ్మ పట్టుకోవడానికి. తర్వాత వాడి చెప్పులు విప్పించి, తడి మట్టిలో ఒక అడుగు వేయించి, ఆ ముద్రలో బొటనవేలు ఎటుందో చూపించండి. సోమవారం జూకి సెలవు, అది తప్ప ఎప్పుడైనా వెళ్లండి.